చెప్పిన మాట - విన్న మాట

“కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేము” అని మన పెద్దలు హెచ్చరించారు. నోరు జారడమంటే అనరాని మాట అనడం మాత్రమే కాదు. చెప్పవలసిన మాటను సగంలో విడిచిపెట్టడం, తానెవరో చెప్పకుండా మాట్లాడటం, సరిగా వినకపోయినా విన్నట్లు తల ఊపడం కూడా నోరు జారడమే. నేలమీద ఇటువంటి పొరపాట్లకు చెల్లించే మూల్యం తక్కువ. ఒక అపార్థమో, ఒక అలకో, ఒక పని ఆలస్యం కావడమో జరుగుతుంది. ఆకాశంలో ఆ మూల్యం ప్రాణాలతో చెల్లించవలసి వస్తుంది. చిన్న విమానాలు నడిపే వారి రేడియో సంభాషణలను పరిశీలిస్తే ఈ సత్యం స్పష్టంగా బోధపడుతుంది.

జీతం కోసం కాక స్వంత ప్రయాణానికో, వినోదానికో విమానం నడిపే వారిని ప్రైవేటు పైలట్లు అంటారు. ఇద్దరు, నలుగురు కూర్చోగల తేలికపాటి విమానాలే ఎక్కువగా వారి వాహనాలు. పెద్ద విమానంలో పక్కనే మరొక పైలట్ ఉంటాడు. ఒకరు వినని మాటను మరొకరు వినగలరు. చిన్న విమానంలో చాలాసార్లు పైలట్ ఒంటరి. చేతులతో విమానాన్ని నడపాలి, కళ్లతో దారి వెతకాలి, చెవులతో రేడియో వినాలి, నోటితో బదులు చెప్పాలి. పైగా ఈ రేడియో మన టెలిఫోను వంటిది కాదు. ఇందులో ఒకేసారి చెప్పడం, వినడం రెండూ సాధ్యపడవు. మీట నొక్కి ఉంచినంతసేపు మాట్లాడవచ్చు గాని వినలేము. ఒకే ఫ్రీక్వెన్సీ మీద ఇద్దరు ఒకేసారి మీట నొక్కితే వినేవారికి ఇద్దరి మాటా అందదు, కీచుమనే ధ్వని మాత్రమే మిగులుతుంది. ఒకరి మీట పొరపాటున నొక్కుకుపోతే అక్కడున్న వారందరికీ దారి మూసుకుపోతుంది.

అమెరికాలో ప్రజలు వాడుకొనే విమానాశ్రయాలు సుమారు 5000 ఉన్నాయి. వాటిలో కంట్రోల్ టవర్ ఉన్నవి సుమారు 500 మాత్రమే. మిగిలిన చోట్ల “నీవు ఆగు, నీవు దిగు” అని చెప్పే అధికారి ఎవరూ ఉండరు. తానెక్కడ ఉన్నదీ, ఏమి చేయబోతున్నదీ ప్రతి పైలట్ ఒక ఉమ్మడి ఫ్రీక్వెన్సీ మీద చెబుతూ ఉండాలి. ఇతరులు చెప్పేది వింటూ ఉండాలి. అంటే అక్కడ రాకపోకల క్రమమంతా పరస్పర విశ్వాసం మీద, మాట మీద ఆధారపడి ఉంటుంది. ఆ మాట తప్పితే ఏమవుతుందో 1996 నవంబరు 19న ఇలినాయ్ రాష్ట్రంలోని క్విన్సీ విమానాశ్రయంలో లోకం చూసింది.

అది సంధ్యాసమయం. ఆ విమానాశ్రయానికి టవర్ లేదు. పదిమంది ప్రయాణికులు, ఇద్దరు పైలట్లతో ఒక బీచ్‌క్రాఫ్ట్ 1900సి విమానం 13వ నంబరు రన్‌వే మీద దిగడానికి వస్తున్నది. దానిని అడ్డంగా ఖండించే 4వ నంబరు రన్‌వే మొదట కింగ్ ఎయిర్ అనే రెండింజన్ల విమానం నిలిచి ఉన్నది. దాని వెనుక తన వంతు కోసం పైపర్ చెరోకీ అనే తేలికపాటి విమానం వేచి ఉన్నది. దిగబోతున్న విమానం వారు తమ రాకను ప్రకటించి, “కింగ్ ఎయిర్, మీరు ఆగి ఉంటారా, బయలుదేరుతారా?” అనే అర్థంలో అడిగారు. కింగ్ ఎయిర్ నుంచి సమాధానం లేదు. సమాధానం చెప్పినవాడు వెనుకనున్న చెరోకీ పైలట్. తన విమానం నంబరు చెప్పి, 4వ రన్‌వే వద్ద ఆగి ఉన్నానన్నాడు. ఆ తరువాతి మాట దిగుతున్న విమానంలోని హెచ్చరిక యంత్రపు ధ్వనిలో కలిసి, సరిగా వినబడలేదు. దిగుతున్నవారు ఆ సమాధానం కింగ్ ఎయిర్ నుంచే వచ్చిందనుకొని, కృతజ్ఞత తెలిపి ముందుకు సాగారు. అంతలో కింగ్ ఎయిర్ కదిలింది. రెండు రన్‌వేలు కలిసే చోట రెండు విమానాలు ఢీకొన్నాయి. రెండింటిలోనూ ఉన్న పద్నాలుగురూ మరణించారు. చెరోకీకి ఏ హానీ జరగలేదు.

అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి ఈ ప్రమాదాన్ని విచారించింది. కింగ్ ఎయిర్‌లోని వారు రేడియోను శ్రద్ధగా వినకపోవడం, చుట్టూ చూడకపోవడం ప్రధాన కారణమని నిర్ణయించింది. మధ్యలో తెగిపోయిన చెరోకీ పైలట్ మాటను, దానివల్ల కలిగిన అపార్థాన్ని తోడైన కారణంగా పేర్కొన్నది. ఆ పైలట్ అబద్ధం చెప్పలేదు. ఎవరికీ కీడు తలపెట్టలేదు. సహాయపడదామనే నోరు విప్పాడు. కాని ప్రశ్న తనను ఉద్దేశించినది కాదని అతడు గమనించలేదు. సమాధానం ఎవరి నుంచి వచ్చిందో విన్నవారు మరల అడిగి తెలుసుకోలేదు. సమాధానం చెప్పవలసినవారు మౌనంగా ఉండిపోయారు. అడగని వాడు పలికాడు, అడిగినవాడు పలకలేదు, విన్నవాడు ఊహించుకున్నాడు. ఈ మూడు లోపాలూ ఒక్క నిమిషంలో ఒకచోట చేరాయి.

ప్రైవేటు పైలట్లు రేడియోలో చేసే పొరపాట్లు చాలా వరకు ఈ కోవకు చెందినవే. కొందరు ముందుగా వినకుండానే మీట నొక్కి, ఇతరుల మాట మీద మాట్లాడతారు. కొందరు ఏమి చెప్పాలో ఆలోచించుకోకుండా మీట నొక్కి, నసుగుతూ కాలం గడుపుతారు. ఒకే ఫ్రీక్వెన్సీని దగ్గరలోని పలు విమానాశ్రయాలు పంచుకుంటాయని మరచి, తాము ఏ ఊరి దగ్గర ఉన్నారో చెప్పరు. కొందరు ఫ్రీక్వెన్సీ మార్చడం మరచి, వినేవారు లేని చోట మాట్లాడుతూ పోతారు. “రోజర్” అనే మాటను “సరే, అలాగే చేస్తాను” అనే అర్థంలో వాడేవారున్నారు. నిజానికి “నీ మాట పూర్తిగా అందింది” అనడమే దాని అర్థం. ఆజ్ఞను పాటిస్తానని చెప్పడానికి “విల్కో” అనే వేరొక మాట ఉంది. ప్రశ్నకు అవునని చెప్పడానికి “అఫర్మ్” ఉంది.

ఇన్ని ప్రత్యేక పదాలు ఎందుకని మనకు అనిపించవచ్చు. అవి ఆడంబరం కోసం పుట్టినవి కావు. గరగరలాడే రేడియోలో బి, డి, పి అనే అక్షరాలు ఒకేలా వినిపిస్తాయి. అందుకే బ్రేవో, డెల్టా, పాపా అనే పేర్లు నిర్ణయించారు. అయిదు, తొమ్మిది అంకెల ఇంగ్లీషు పేర్లు తారుమారు కాకుండా “ఫైఫ్”, “నైనర్” అని పలకమన్నారు. రన్‌వే దాటవద్దని కంట్రోలర్ చెబితే “రోజర్” అంటే చాలదు. ఆ ఆజ్ఞను, తన విమానం గుర్తును పైలట్ తిరిగి చెప్పాలి. తప్పుగా తిరిగి చెబితే కంట్రోలర్ అక్కడికక్కడే సరిదిద్దుతాడు. ఈ నియమంలో గొప్ప తాత్పర్యం ఉంది. నోటి నుంచి వెలువడినంత మాత్రాన మాట పూర్తి కాదు. విన్నవాడు తిరిగి చెప్పి, చెప్పినవాడు ఔనన్నప్పుడే అది పూర్తవుతుంది.

ఇవి అనుభవం లేనివారి పొరపాట్లేనని అనుకోరాదు. 1977 మార్చి 27న టెనెరిఫె ద్వీపంలో, దట్టమైన పొగమంచులో రెండు బోయింగ్ 747 విమానాలు రన్‌వే మీదనే ఢీకొని 583 మంది మరణించారు. “ఇప్పుడు టేకాఫ్ వద్ద ఉన్నాము” అనే అర్థం వచ్చేలా ఒక విమానం నుంచి మాట వచ్చింది. అనుమతి కోసం వేచి ఉన్నారని కంట్రోలర్ భావించాడు. వారు అప్పటికే పరుగు తీస్తున్నారు. తరువాత కంట్రోలర్ చెప్పిన “ఆగండి” అనే మాట, ఎదుటి విమానం చేసిన హెచ్చరిక ఒకేసారి వెలువడి కీచుధ్వనిగా మారాయి. ఆ ఘోరం తరువాత, బయలుదేరడానికి అనుమతి ఇచ్చేటప్పుడో రద్దు చేసేటప్పుడో తప్ప “టేకాఫ్” అనే మాటను ఉచ్చరించరాదని, ఇతర సందర్భాలలో “డిపార్చర్” అనాలని నియమం ఏర్పడింది. ఒక్క పదానికి హద్దు గీయడానికి అన్ని ప్రాణాలు బలి కావలసి వచ్చింది.

మాట తప్పుగా చెప్పడం ఒక ప్రమాదమైతే, చెప్పవలసిన మాట చెప్పకపోవడం అంతకంటె పెద్ద ప్రమాదం. 1990 జనవరి 25న న్యూయార్క్ సమీపంలో ఏవియాంకా సంస్థ విమానం ఇంధనం అయిపోయి కూలింది. అందులోని 158 మందిలో 73 మంది మరణించారు. ఇంధనం తగ్గుతున్నదని, తమకు ప్రాధాన్యం కావాలని ఆ పైలట్లు చెప్పారు. కాని “ఎమర్జెన్సీ” అనే మాటను స్పష్టంగా ప్రకటించలేదు. వారి ఆపద ఎంత తీవ్రమైనదో నేలమీది వారికి తెలియలేదు. ఆపదలో పలకడానికి “మేడే” అనే పదం అప్పటికి చాలా కాలంగా వాడుకలో ఉన్నది. 1920ల నాడు లండన్ దగ్గరి క్రోయిడన్ విమానాశ్రయంలో రేడియో అధికారిగా ఉన్న ఫ్రెడరిక్ స్టాన్లీ మాక్‌ఫోర్డ్, “నాకు సాయపడండి” అనే ఫ్రెంచి మాటను పోలేటట్లు దానిని కల్పించాడు. సాయం కోరే మాటను ఇంత సులభంగా తయారు చేసి ఇచ్చినా, దానిని పలకడానికి మనిషి జంకుతున్నాడు.

విమానం నడపడం ముందు, దారి చూసుకోవడం తరువాత, మాట్లాడటం ఆ తరువాత అని శిక్షకులు నేర్పుతారు. కాబట్టి రేడియోకు ఇంత ప్రాముఖ్యం అనవసరమని కొందరు వాదిస్తారు. క్రమం నిజమే, దానిని తప్పరాదు. అయితే మూడవ స్థానంలో ఉన్నది విడిచిపెట్టదగినదని అర్థం కాదు. టవర్ లేని చోట చిన్న విమానానికి మాటే కాపలా. అంతమాత్రాన రేడియోనే నమ్మి కళ్లు మూసుకోరాదు. కొన్ని విమానాలలో రేడియోయే ఉండదు. మౌనం వినిపిస్తే రన్‌వే ఖాళీగా ఉన్నదని కాక, ఎవరో మాట్లాడకుండా ఉండవచ్చునని భావించాలి.

ఈ పొరపాట్లకు భాష రాకపోవడమే కారణమని చెప్పడం సులభం. అంతర్జాతీయ విమానయానంలో పైలట్లకు, కంట్రోలర్లకు నిర్ణీత ఇంగ్లీషు సామర్థ్యం ఉండాలనే నియమం 2008 మార్చి నుంచి అమలులోకి వచ్చింది. అది అవసరమే. కాని క్విన్సీ ఇంగ్లీషు మాట్లాడే దేశంలోని ఊరే కదా! అక్కడ లోపించినది భాష కాదు, మరొక్కసారి అడిగి తెలుసుకొనే అలవాటు. నా అభిప్రాయంలో దీనికి మూలం బిడియం. “నాకు వినబడలేదు” అంటే చేతగానివాడనుకుంటారేమో, పదిమంది వినే ఫ్రీక్వెన్సీలో నవ్వులపాలవుతానేమో అనే భయం ఇందులో దాగి ఉంది. అనుభవజ్ఞులు మాట్లాడే వేగాన్ని చూసి కొత్తవారు తామూ వేగంగా మాట్లాడబోతారు. వేగం నేర్పునకు గుర్తు కాదు. “మళ్లీ చెప్పండి” అని అడగగలిగినవాడే నేర్పరి. అలా అడిగినవానిని ఎగతాళి చేసేవాడు తరువాతి ప్రమాదానికి బీజం వేస్తున్నాడు.

విద్యార్థులారా! మీలో కొందరు రేపు పైలట్లు కావచ్చు. మన దేశంలో విమానం నడిపే లైసెన్సుతోపాటు రేడియోలో మాట్లాడటానికి వేరుగా అర్హత సంపాదించాలి. అయితే ఆ అర్హతకు పునాది తరగతి గదిలోనే పడుతుంది. పాఠం అర్థం కానప్పుడు లేచి అడగడానికి సిగ్గుపడి, అర్థమైనట్లు తల ఊపిన ప్రతిసారీ మనం వినని మాటకు “రోజర్” అంటున్నాము. అడిగితే ఒక క్షణం చిన్నబోతాము. అడగకపోతే పోయేది మన ప్రాణమే కాకపోవచ్చు, మన మాటను నమ్ముకొన్న ఎదుటివారి ప్రాణం కూడా కావచ్చు. తెలియనప్పుడు తెలియదని, వినబడనప్పుడు వినబడలేదని, ఆపద వచ్చినప్పుడు ఆపద వచ్చిందని చెప్పగల ధైర్యాన్ని నేలమీద ఉన్నప్పుడే అలవరచుకోవాలి. ఆకాశంలో దానిని నేర్చుకోవడానికి వ్యవధి ఉండదు.