ఎంతమందిని అడిగారు సరే, ఎవరిని అడిగారు?



"రిజర్వేషన్లు ఇంకా కావాలా?" అని ఎవరో ఆన్‌లైన్ పోల్ పెడతారు. వేలమంది నొక్కుతారు. తెల్లారేసరికి అది "ప్రజాభిప్రాయం" అయిపోతుంది. మన పిల్లలు అది చూసి దిగులుపడి నాకు పంపుతున్నారు. అందుకే ఈ భాగం సర్వేల గురించి. నాది తెలుగు సాహిత్యం, స్టాటిస్టిక్స్ కాదు. కానీ ఊరికీ వాడకీ ఉన్న దూరం తెలియడానికి స్టాటిస్టిక్స్ అక్కర్లేదు.

1936 అమెరికా అధ్యక్ష ఎన్నికల ముందు లిటరరీ డైజెస్ట్ పత్రిక దాదాపు కోటి మందికి నమూనా బ్యాలెట్లు పంపింది. 20 లక్షలకు పైగా తిరిగొచ్చాయి. లాండన్ గెలుస్తాడని రాసింది. 48 రాష్ట్రాల్లో 46 రూజ్‌వెల్ట్ గెలిచాడు. పత్రిక అడ్రసులు ఎక్కువగా టెలిఫోన్ డైరెక్టరీల నుంచి, కార్ల రిజిస్ట్రేషన్ల నుంచి తీసింది. ఆ మాంద్యంలో ఫోనూ కారూ ఎవరింట్లో ఉంటాయి? అంతకంటే చాలా తక్కువమందిని అడిగిన గాలప్ సంస్థ గెలిచేదెవరో సరిగ్గా చెప్పింది.

మన దగ్గర 2024 జూన్ 1న ఎగ్జిట్ పోల్స్ చాలావరకు ఎన్డీయేకి 350 దాటుతాయన్నాయి. 4వ తేదీన వచ్చినవి 293. కారణాలు చాలా ఉండొచ్చు. నాకు మాత్రం ఒకటి కనబడుతుంది. బూత్ బయట ఊరి పెద్దలు నిలబడి ఉండగా, ముక్కూమొహం తెలియని మనిషొచ్చి "ఎవరికేశావమ్మా" అంటే, వాళ్ల చేలోనే కూలికెళ్లే మనిషి నిజం చెబుతుందా? "అందరూ ఎవరికేస్తే వాళ్లకే బాబూ" అని నవ్వి వెళ్లిపోతుంది.

అడిగే తీరు కూడా ముఖ్యమే. 2011-12 భారత మానవాభివృద్ధి సర్వే 40 వేలకు పైగా కుటుంబాలను "మీ ఇంట్లో అంటరానితనం పాటిస్తారా?" అని అడిగింది. లేదన్నవాళ్లని వదిలేయలేదు, "దళితులు మీ వంటింట్లోకి రావచ్చా, మీ గిన్నెలు వాడొచ్చా?" అని మళ్లీ అడిగింది. రెండూ కలిపితే 27 శాతం తేలింది. అదైనా నోటితో ఒప్పుకున్నవాళ్ల లెక్క!

ప్రాజెక్టులకు సర్వేలు చేసే విద్యార్థులకు ఒక మాట. మీ గూగుల్ ఫారం మీ వాట్సాప్ గ్రూపులు దాటి పోదు. కాగితం పట్టుకుని వెళ్లండి. పగలు పదకొండింటికి వెళితే వాడలో దొరికేది ముసలివాళ్లే, మిగతావాళ్లు ఉపాధి హామీ పనిలోనో చేలోనో ఉంటారు. "తాళం వేసి ఉంది" అని రాసుకుని ఊళ్లోకి తిరిగొచ్చేయకండి. పొద్దుగూకాక మళ్లీ వెళ్లండి.

వచ్చే భాగంలో కులగణన ఫారంలో ఉపకులం గడి గురించి మాట్లాడుకుందాం.