తాతగారి కారుకు ఎన్ని పళ్ల చక్రం?

పెద్దలు కొన్న మోరిస్ మైనరు కారునో, దానినే మన దేశంలో కూర్చి బేబీ హిందుస్థాన్ అనే పేరుతో అమ్మిన కారునో వదలుకోలేక ఇంట్లో వుంచుకొన్న కుటుంబాలు కద్దు. అటువంటి ఇళ్లలో ఒక వాదం తరచుగా వస్తూ వుంటుంది. ‘హైవే మీద ఎనభైలో పోతే ఇంజను గోల భరించలేము, వెనుక ఇరుసులో గేర్లు మార్పిద్దాం’ అని కుర్రవాళ్లు. ‘కంపెనీవాడు తెలియకనా అట్లా పెట్టాడు? ముట్టుకోవద్దు’ అని పెద్దవాళ్లు. ఇద్దరి మాటలోనూ నిజం వున్నది. ఎవరిది ఏపాటి నిజమో ఈ నెల లెక్క వేసి చూద్దాము.

ఇంజను త్రిప్పే బలం గేరు బాక్సు గుండా ప్రొపెల్లరు షాఫ్టుకు, అక్కడినుంచి వెనుక ఇరుసుకు వస్తుంది. ఇరుసు నడుమ పినియన్ అనే చిన్న పళ్ల చక్రమూ, క్రౌన్ వీలు అనే పెద్ద పళ్ల చక్రమూ వుంటాయి. పినియన్‌కు 9 పళ్లు, క్రౌన్ వీలుకు 41 పళ్లు వున్నాయనుకోండి. బండి చక్రం ఒక్కసారి తిరగడానికి షాఫ్టు 4.555 సార్లు తిరగాలి. దీనినే ఇరుసు నిష్పత్తి అంటారు. ఈ అంకె పెరిగితే లాగే బలం ఎక్కువ, పరుగు తక్కువ. తగ్గితే పరుగు ఎక్కువ, బలం తక్కువ. రెండూ ఒకేసారి దొరకవు.

కంపెనీవాడు కూడా ఒకే అంకెను పట్టుకొని కూర్చోలేదు. 803 సి.సి. ఇంజను వున్న మైనరులో 8 పళ్లకు 43 పళ్లు, అంటే 5.375 పెట్టాడు. 1956లో 948 సి.సి. ఇంజనుతో మైనర్ 1000 వచ్చినప్పుడు 4.555 చేశాడు. 1962లో 1098 సి.సి. ఇంజను రాగానే 9 పళ్లకు 38 పళ్లు పెట్టి 4.222కు దించాడు. గమనించారా? ఇంజనుకు బలం పెరిగిన తరువాతనే అంకె తగ్గింది. ఎడ్ల సత్తువ చూసి బండికి బరువెత్తడమంటే ఇదే.

ఇక మీ బండిలో ఏమున్నదో తెలుసుకోండి. ముందు చక్రాలకు అడ్డు పెట్టి, గేరును న్యూట్రలులో వుంచి, హ్యాండు బ్రేకు విప్పి, వెనుక ఒక చక్రాన్ని మాత్రమే పైకి లేపి గట్టి స్టాండు మీద నిలపండి. ఆ చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు త్రిప్పుతూ, షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగిందో మరొకరు లెక్కపెట్టాలి. నాలుగున్నరకు కాస్త ఎక్కువైతే 4.555. నాలుగుంపావుకు కాస్త తక్కువైతే 4.222. అయిదుం పావు దాటితే 5.375.

మైనరు చక్రం ఒక చుట్టుకు ఇంచుమించు 1.8 మీటర్లు నడుస్తుంది. టైరు మీద సుద్దగీత గీసి, బండిని నెట్టి, మీరే కొలుచుకోవచ్చును. ఆ లెక్కన గంటకు 80 కిలోమీటర్ల వేగంలో, టాప్ గేరులో, ఇంజను నిమిషానికి తిరిగే చుట్లు ఇంచుమించు ఇవి: 5.375 అయితే 4,000, 4.555 అయితే 3,400, 4.222 అయితే 3,100. ఎం.జి. మిడ్జెట్ కారు కడపటి 1275 సి.సి. బండ్లలో వచ్చిన 3.9 ఇరుసు గేర్లు మైనరుకు కూడా అమరుతాయి. అవి పెడితే 2,900. కుర్రవాళ్ల మాట నిజమే. గోల తగ్గుతుంది, ఇంజనుకు ఆయాసం తగ్గుతుంది.

ఐతే టాప్ గేరు చూసి మురిసిపోరాదు. మొదటి గేరును కూడా చూడాలి. 948 సి.సి. బండిలో మొదటి గేరు నిష్పత్తి 3.628. దానిని 4.555తో హెచ్చిస్తే 16.5 వస్తుంది. 3.9తో హెచ్చిస్తే 14.1 మాత్రమే. అంటే లాగే బలం నూటికి 14 పాళ్లు తగ్గినట్లు. ఒక్కరే కూర్చొని సమతలం మీద పోతే ఇది తెలియదు. అయిదుగురు ఎక్కి, పెట్టెలు పెట్టుకొని, సేలం నుంచి ఏర్కాడుకు 20 హెయిర్‌పిన్ మలుపులు ఎక్కేటప్పుడు తెలుస్తుంది. మలుపులో బండి ఆగితే తిరిగి కదిలించడానికి క్లచ్చును అరగదీయవలసి వస్తుంది.

దిగేటప్పుడు సంగతి ఇంకా ముఖ్యం. ఘాటు దిగుతూ చిన్న గేరులో వుంటే ఇంజనే బండిని వెనక్కు పట్టుకుంటుంది. ఇరుసు అంకె తగ్గిన కొద్దీ ఆ పట్టు సడలుతుంది. ఆ భారమంతా డ్రమ్ము బ్రేకుల మీద పడుతుంది. డ్రమ్ములు కాగితే బ్రేకు పట్టదు. ఇంటిల్లిపాదినీ ఎక్కించుకొని పోయే బండికి ఇది చిన్న విషయం కాదు సుమా. పెద్దవాళ్ల మాటలోని నిజం ఇది.

మరొక మోసం కూడా వున్నది. మైనరు స్పీడోమీటరు గేరు బాక్సు నుంచి నడుస్తుంది. 4.555 తీసి 3.9 పెట్టి మీటరును అట్లాగే వదిలితే, ముల్లు 60 చూపించేటప్పుడు బండి 70లో పోతూ వుంటుంది. నూరు నడిస్తే 86 మాత్రమే నమోదవుతుంది. పెట్రోలు ఎక్కువ తాగుతున్నదని బండిని నిందిస్తారు. గేర్లు మార్చినవారు మీటరును కూడా సరిచేయించాలి.

అయిదు గేర్ల బాక్సు పెట్టించడం మరొక దారి. ఫోర్డువారి టైప్ 9 బాక్సును మైనరుకు అమర్చుకొన్నవారు ఇంగ్లండులో చాలామంది వున్నారు. దాని మొదటి గేరు 3.65, అయిదవది 0.82. ఇరుసు 4.555గానే వుంచితే మొదటి గేరు బలం చెక్కుచెదరదు. అయిదవ గేరులో మొత్తం 3.74 అవుతుంది. 80లో ఇంజను చుట్లు 2,800కు దిగుతాయి. కొండకూ రోడ్డుకూ రెంటికీ సరిపడుతుంది. కాని ఖర్చు ఎక్కువ. షాఫ్టును కొత్త పొడవుకు చేయించాలి, బాక్సును మోసే అడ్డకమ్మీని మార్చాలి. బండి అసలు రూపం పోకూడదనుకొనేవారికి ఇది నచ్చకపోవచ్చును.

ఇంతకూ మా సలహా ఏమిటి? మీ బండి ఏడాదిలో ఎక్కువసార్లు ఏ రోడ్డు మీద, ఎంతమందితో పోతుందో కాగితం మీద వ్రాయండి. యానాం నుంచి కాకినాడకు, బరంపురం నుంచి భువనేశ్వరానికి ఇద్దరు ముగ్గురు పోయే ఇల్లయితే, 948 ఇంజనుకు 4.222 చాలు. 3.9 దాకా పోనవసరం లేదు. ఇంజను 1098 అయి, మంచి స్థితిలో వుంటే, సమతలంపై 3.9 ఆలోచించవచ్చును. ఖండాలా ఘాటు, ఏర్కాడు, నీలగిరులు మీ దారిలో తరచుగా వుంటే వున్నదానిని వుంచండి. 803 ఇంజనుకైతే అంకె తగ్గించడమే వద్దు. డెబ్బైలో నింపాదిగా పొండి.

మార్పించేవారు ఒక్క మాట మరువరాదు. క్రౌన్ వీలూ పినియనూ జంటగా అరగదీసి తయారైనవి. ఒక జంటలోని పినియన్‌ను మరొక జంటలోని క్రౌన్ వీలుతో కలిపితే మూలుగు మొదలై, పళ్లు పోతాయి. పళ్ల నడుమ సందును కొలిచి కూర్చగల మేస్త్రీకే పని అప్పగించండి. తీసిన పాత జంటను పాత ఇనుము వానికి వేయకండి. గ్రీజు పూసి, గుడ్డలో చుట్టి, మీద ‘9–41’ అని వ్రాసి అటక మీద దాచండి. రేపు మీ మనుమడికి కొండ మీద వుద్యోగమైతే అది మళ్లీ అవసరపడుతుంది.

వచ్చే నెల డ్రమ్ము బ్రేకుల సంరక్షణను గూర్చి ముచ్చటిస్తాము.