పెద్ద తెర మోజు

డ్రోను ఎగరవేయదలచినవారికి అందరూ చేసే మొదటి ఉపదేశం "పెద్ద ట్యాబ్ కొనండి" అని. ఆ మాట నమ్మి చేయి కాల్చుకున్నవాడిగా దీనిని ఖండించక తప్పదు.

నేను కొన్నది వై-ఫై మాత్రమే ఉన్న ఐప్యాడ్. చెరువుగట్టున నిలబడి పటం తెరిస్తే డ్రోను కనిపించింది, నేను కనిపించలేదు! దానికి తన జీపీఎస్ ఉంది, నా ట్యాబుకు లేదు. బయలుదేరిన చోటు మాత్రం గుర్తుంచుకుంది. అదే కదిలే పడవ మీది నుండి ఎగరేసి ఉంటే? వెనక్కి రమ్మనగానే పాతచోటికే వెళ్ళి బుద్ధిగా నీటిలో దిగేది. సెల్యులార్ ఐప్యాడ్‌లో ఆ చిప్ ఉంటుంది, సిమ్ లేకున్నా పనిచేస్తుంది. ఈ ముక్క అంగడివాడు చెప్పడు (పాపం, అతనికీ తెలియదేమో).

మన గగనతల పటం 2021లో వచ్చింది. విమానాశ్రయపు సరిహద్దుకు 8 నుండి 12 కిలోమీటర్ల మధ్య 200 అడుగులు దాటితే పసుపు మండలమే, అనుమతి కావాలి. తానెక్కడున్నాడో తెలియనివాడికి ఏ రంగు పటమైతేనేం?

ఇక ఎండ సంగతి. సాధారణ ఐప్యాడ్ వెలుగు 500 నిట్లు. ఐఫోన్ 15 ఆరుబయట 2000 వరకూ పోతుంది. మధ్యాహ్నపుటెండలో ఆ పెద్ద తెరలో నాకు కనిపించింది నా ముఖమే.

జేబులోని ఫోను చాలదనేవారు, ఒక్కసారి ఎండలో నిలబడి వచ్చి నాతో వాదించండి.