చంపండి, కానీ చెప్పి చంపండి

రెండేళ్ళ క్రితం ఒక ఆదివారం మధ్యాహ్నం, మా ఇంటి డైనింగ్ టేబుల్ దగ్గర, ఒక స్నేహితురాలి పాత్రని చంపేశాను. పుస్తకంలో ఉన్న రూల్ ప్రకారమే చంపాను. ఒక్క అంకె కూడా మార్చలేదు. అందుకే చాన్నాళ్ళు నా తప్పేమీ లేదనుకున్నాను.

ఆట డంజన్స్ అండ్ డ్రాగన్స్. తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో: ఒకరు కథ నడుపుతారు, ఆ మనిషి డంజన్ మాస్టర్. మిగతావాళ్ళు తలా ఒక పాత్ర తీసుకుని "నేనిది చేస్తాను" అంటారు. అయ్యిందో లేదో తేలాల్సి వస్తే ఇరవై ముఖాల పాచిక వేస్తారు. ఆ రోజు డంజన్ మాస్టర్ని నేను. నలుగురు కలిసి పాడుబడ్డ కోటలో ఒక తలుపు తీశారు. లోపల బాన్షీ, ఏడుపు దెయ్యం. 2014 మాన్‌స్టర్ మాన్యువల్‌లో దానికో శక్తి ఉంది. రోజుకొక్కసారి అది కేక పెడితే, 30 అడుగుల లోపల విన్నవాళ్ళంతా పాచిక వెయ్యాలి. ఒంటి గట్టిదనానికి వచ్చే పాయింట్లు కలుపుకుని 13 రాకపోతే, ఎంత ప్రాణం మిగిలి ఉన్నా సరే, సున్నా. ఒక్క పాయింటు మాత్రమే కలిసే పాత్ర పడిపోయే అవకాశం నూటికి 55.

మొదటి రౌండ్లోనే కేక పెట్టించాను. ముగ్గురు పడ్డారు. నిలబడ్డ నాలుగో మనిషి ఇద్దర్ని కాపాడగలిగాడు. ఆమె దగ్గరికి వచ్చేసరికి ఆలస్యమైపోయింది. ఎనిమిది నెలలుగా ఆడుతున్న పాత్ర. ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి బ్యాగులో వేసుకుంటూ ఒకే మాట అడిగింది: "నేనేం చేసుంటే బతికేదాన్ని?"

"డైస్ అలా పడింది మరి" అన్నాను. మరుసటి ఆదివారం ఆమె రాలేదు.

ఆ ప్రశ్నకి మన టేబుళ్ళ దగ్గర రెండు జవాబులు చలామణిలో ఉన్నాయి. రెండూ తప్పే.

మొదటిది మొనగాళ్ళ జవాబు. "మీరంతా మెత్తబడిపోయారు. పాతకాలంలో గైగాక్స్ ఇలాగే చంపేవాడు" అంటారు. 1975లో గ్యారీ గైగాక్స్ ఆరిజిన్స్ కన్వెన్షన్‌లో ఆడించిన టూమ్ ఆఫ్ హారర్స్‌ని ఉదాహరణగా తెస్తారు. అందులో గోడ మీద ఆకుపచ్చ దెయ్యం ముఖం, తెరిచిన నోట్లో కటిక చీకటి ఉంటాయి. ఆ నోట్లోకి దూరినవాడు మాయం. నిజమే. కానీ ముందో కర్ర పెట్టి చూసినవాడికి పోయేది కర్రే. మొనగాళ్ళు ఈ కర్ర సంగతి మర్చిపోతారు. నిజంగా అన్యాయమైన ప్రాణి కావాలంటే 1977 మాన్‌స్టర్ మాన్యువల్లో ఇయర్ సీకర్ ఉంది. చెక్కలో కాపురముండే చిన్న పురుగు. తలుపుకి చెవి ఆనించి వింటే చెవిలోకి దూరి ప్రాణం తీస్తుంది. ఆటగాళ్ళు జాగ్రత్తగా ఉండటం నేర్చుకుంటే, ఆ జాగ్రత్తకే శిక్ష. ఇందులో పాఠం ఏముంది, పగ తప్ప?

రెండోది దయామయుల జవాబు: రాక్షసి కోరలు పీకెయ్యండి, లేదా అట్ట వెనక పడ్డ పాచికని చడీచప్పుడు కాకుండా మార్చెయ్యండి. ఎవరూ చావరు, అందరూ హ్యాపీ. నాకిది ఇంకా చిరాకు. పిల్లాడితో చదరంగం ఆడుతూ కావాలని ఓడిపోయే బాబాయి వ్యవహారం ఇది. పిల్లాడికి తెలిసిన రోజున, వాడు నిజంగా గెలిచిన ఆటలు కూడా అబద్ధమైపోతాయి.

దారుణంగా ఉన్నంత మాత్రాన ఏ శక్తీ అన్యాయం కాదు. దాచిపెడితే అన్యాయం. నేను అడిగేవి మూడే: ముందే పసిగట్టే ఆనవాలు, తప్పించుకునే ఉపాయం, ఆ ఉపాయానికో వెల. అదే పుస్తకంలోని మెడూసాని చూడండి. చూపు తగిలితే మనిషి రాయైపోతాడు. అయితే ఆమె గుహ బయటే రాతి మనుషులు నిలబడి ఉంటారు, ఆనవాలు అది. కళ్ళు తిప్పుకోవచ్చు, ఉపాయం అది. తిప్పుకుంటే ఆమె కనిపించదు, గుడ్డిగా కొట్టాలి, వెల అది. పైగా మంచి వెలుతురులో అద్దం చూపిస్తే ఆమె చూపు ఆమెకే తగులుతుంది. ఇంతకన్నా ప్రమాదకరమైనదీ, ఇంతకన్నా నిజాయితీ ఉన్నదీ ఇంకోటి చూపించండి.

"ముందే చెప్పేస్తే భయమెక్కడుంటుంది?" అంటారు. చందమామ చదివి పెరిగినవాళ్ళు అడగాల్సిన ప్రశ్నేనా ఇది? బేతాళుడు ఏం చేశాడు? రాజు భుజం మీదెక్కి రూలు మొత్తం ముందే విప్పి చెప్పాడు. జవాబు తెలిసీ నోరు మూసుకుంటే తల పగులుతుంది. నోరు విప్పితే మౌనం చెడుతుంది, శవం మళ్ళీ చెట్టెక్కుతుంది. దాచింది ఏమీ లేదు. అయినా నెలనెలా ఊపిరి బిగబట్టి చదివాం. తెలియని చావుకి ఉలిక్కిపడతాం, అంతే. తెలిసిన చావుకే భయపడతాం.

నా బాన్షీ దగ్గరికి మళ్ళీ వస్తాను. ఆమె చావుకి తాళంచెవి ఆ పేజీలోనే ఉంది. ఎండలో కేక పనిచెయ్యదు. వినబడనివాళ్ళకి తగలదు. ఊళ్ళో ఒక ముసలావిడ "పొద్దుగూకాక అటు పోకండి నాయనా" అని ఉంటే, మెట్ల మీద గాయం లేని శవమొకటి చెవులు మూసుకుని పడి ఉంటే, వాళ్ళు మైనం వెతుక్కునేవాళ్ళు. చెవుల్లో మైనంతో ఒకరి మాట ఒకరికి వినబడక తిప్పలు పడేవాళ్ళు. ఆట అప్పుడు మొదలయ్యేది. నేను ఆ రెండు రూళ్ళూ చదివి, నా దగ్గరే ఉంచుకున్నాను. పెద్ద సిగ్గు ఇంకోటుంది. ఐర్లండ్ కథల్లో బాన్షీ ఏడుపు ఎవరినీ చంపదు. ఇంట్లో చావు రాబోతోందని ముందుగా చెప్పడమే దాని పని. హెచ్చరికనే ఆయుధం చేసి, హెచ్చరిక లేకుండా వాడాను.

ఇప్పుడు ఏ రాక్షసిని రాసుకున్నా, పక్కనే ఆమె ప్రశ్న రాసి, కింద కనీసం రెండు జవాబులు రాసుకుంటాను. రాయలేకపోతే ఆ రాక్షసి టేబుల్ మీదికి రాదు. మొన్నీమధ్య మెడూసా ఒకడిని రాయి చేసింది. పడిపోయిన స్నేహితుణ్ణి కాపాడాలని, తెలిసే కళ్ళు తెరిచాడు. పాచిక పడగానే నాకంటే ముందు వాడే అన్నాడు, "చూడకుండా ఉండాల్సింది." పాత్ర పోయింది. మరుసటి ఆదివారం అందరికన్నా ముందొచ్చి బెల్లు కొట్టింది వాడే.