నగదురహితం - ఎవరికి హితం?



ఏ విషయాన్నయినా మాటలతో మొదలుపెట్టడం తెలుగు పండితుల అలవాటు. 'రహితం' అనే పదాన్ని మనం ఎక్కువగా ఏ మాటల చివర చేరుస్తామో గమనించండి. దోషరహితం, కళంకరహితం, రోగరహితం, అవినీతిరహితం. పోవలసినదేదో పోయిందనీ, పోవడమే మేలయిందనీ చెప్పవలసిన చోట ఆ పదం వస్తుంది. ఇప్పుడు ఆ వరుసలో 'నగదురహిత సమాజం' వచ్చి కూర్చున్నది. వాదోపవాదాలు జరగలేదు, సాక్ష్యం చూపలేదు. సమాసం ఒక్కటే తీర్పు చెప్పేసింది. నగదు ఒక దోషమట, అది తొలగిపోవాలట! ఆ తీర్పు మీద నేను చేసుకుంటున్న అప్పీలు ఈ టపా.

ముందుగా ఒక మాట. చరవాణితో చెల్లింపులు చేయడం తప్పని నేననను. 2016లో మొదలైన యూపీఐ గొప్ప సౌకర్యం. నేనూ వాడుతున్నాను. నా పేచీ అంతా ఆ సౌకర్యం నిర్బంధంగా మారడంతోనే. వంతెన కట్టినవారికి దండం పెడదాం; వంతెన వచ్చింది గనుక రేవులోని పడవలన్నీ తగులబెట్టాలనే వారికి మాత్రం అడ్డుపడదాం.

అసలు నగదు అంటే ఏమిటి? ముద్ర కొట్టిన నాణెమనే అర్థంలో 'రూప్య' శబ్దాన్ని పాణిని నాడే సాధించి పెట్టాడు. మన రూపాయి ఆ వంశంలోనిదే. ముద్ర కొట్టేవాడు రాజు. కాని ఒకసారి చేతికి వచ్చిన తరువాత దాని మీద అధికారం ఆ చేతిదే. నేటి నోటు మీద రిజర్వు బ్యాంకు గవర్నరు సంతకం పైన ఉన్న వాగ్దానాన్ని చదవండి. 'ధారకునికి' ఇన్ని రూపాయలు చెల్లిస్తానని ఆయన మాట ఇస్తున్నారు. ధారకుడంటే ఎవరి చేతిలో నోటు ఉంటే వారే. పేరు అడగలేదు, ఊరు అడగలేదు, వేలిముద్ర అడగలేదు. నోటు వెనుక భాషల పట్టికలో పదిహేను భాషలలో దాని విలువ ఉంటుంది. కింది నుంచి రెండవ వరుసలో మన తెలుగు. చదువు రానివారికి రంగూ కొలతా చెబుతాయి. చూపు లేనివారి కోసం వంద, ఆపై నోట్ల మీద వేలితో తడిమి పోల్చుకునే ఉబ్బెత్తు గుర్తులున్నాయి. ఇంతమందిని ఇంత మర్యాదగా పలకరించే ప్రభుత్వ పత్రం మరొకటి నాకు తెలియదు.

ఖాతాలోని డబ్బు స్వభావం వేరు. అది బ్యాంకు మనకు పడిన బాకీ. చెల్లింపు జరిగిన ప్రతిసారీ నిజానికి మనం ఒక మనవి చేసుకుంటున్నాము. బ్యాంకూ, నడుమనున్న సంస్థలూ, వాటి యంత్రాలూ అన్నీ సరేనంటేనే ఆ మనవి చెల్లుతుంది. దాదాపు ఎప్పుడూ సరేనంటాయి గనుక అది మనవి అన్న సంగతి మనకు గుర్తుండదు. కాదన్న నాడు గుర్తుకు వస్తుంది.

కాదన్న నాళ్ళు ఇప్పటికే వచ్చాయి. 2022 ఫిబ్రవరిలో కెనడాలో లారీ డ్రైవర్ల నిరసనను అణచడానికి అత్యవసర చట్టాన్ని ప్రయోగించి, న్యాయస్థానం ఉత్తర్వు లేకుండానే రెండు వందలకు పైగా ఖాతాలను స్తంభింపజేశారు. ఆ నిరసన మంచిదా చెడ్డదా అన్న వివాదం మనకక్కరలేదు. ఆ అత్యవసర ప్రకటన సమంజసం కాదని 2024 జనవరిలో ఆ దేశపు ఫెడరల్ కోర్టు తీర్పు చెప్పింది. తీర్పు వచ్చేసరికి రెండేళ్ళు గడిచాయి. పాలూ మందులూ రెండేళ్ళు ఆగుతాయా?

అంత దూరమెందుకు? 2023లో కేరళలో చిన్న చిన్న కొట్లవాళ్ళ ఖాతాలు ఒక్కసారిగా మూగబోయాయి. ఎక్కడో ఒక మోసగాడు కాజేసిన సొమ్ములో కొద్ది రూపాయలు చేతులు మారి మారి వీరి యూపీఐలోకి వచ్చి పడ్డాయట. సరుకు అమ్మి పుచ్చుకున్న సొమ్ముకు శిక్ష! వివాదంలో ఉన్న మొత్తం వరకే ఆపాలి గాని ఖాతా మొత్తాన్ని బిగించరాదని కేరళ హైకోర్టు చెప్పవలసి వచ్చింది. అదే కొట్టువాడు ఆ సొమ్మును నోట్లుగా పుచ్చుకొని ఉంటే, సాయంత్రానికి ఆ డబ్బుతో బియ్యం కొనుక్కొని ఇంటికి పోయేవాడు.

2025 జులైలో బెంగళూరు వీధులలో మరో దృశ్యం కనిపించింది. యూపీఐ లెక్కలు చూసి వాణిజ్య పన్నుల శాఖ చిన్న వ్యాపారులకు తాఖీదులు పంపింది. పన్ను లేని పాలూ కూరగాయలూ అమ్మేవారికి కూడా అవి అందాయి. మరునాటి నుంచి కొట్ల ముందు 'యూపీఐ లేదు, నగదు మాత్రమే' అన్న అట్టలు వేలాడాయి. పన్ను ఎగ్గొట్టడాన్ని నేను సమర్థించను. కాని ప్రతి కాఫీకీ, ప్రతి అరటిపండుకీ ఒక చిట్టా తయారవుతుందనీ, ఆ చిట్టాను ఎవరు ఎప్పుడు ఏ కళ్ళతో చదువుతారో తెలియదనీ ఆ బండివాళ్ళకు అర్థమైనంత త్వరగా మన మేధావులకు అర్థం కాలేదు.

ఇక యంత్రాల సంగతి. 2025 మార్చి 26న, మళ్ళీ ఏప్రిల్ 12న యూపీఐ దేశమంతటా మొరాయించింది. అదే నెల 28న స్పెయిన్, పోర్చుగల్ దేశాలలో కరెంటు పోయేసరికి, జేబులో నోట్లున్నవారే రొట్టె కొనుక్కోగలిగారు. నగదును దాదాపు సాగనంపిన స్వీడన్ ప్రభుత్వం 2024లో ఇంటింటికీ పంచిన పుస్తకంలో, కనీసం వారానికి సరిపడా నోట్లు ఇంట్లో ఉంచుకోండని ప్రజలకు చెప్పింది. నార్వే 2024లో నగదుతో చెల్లించే హక్కును చట్టంతో గట్టిపరిచింది. ముందు నడిచినవారు వెనుదిరిగి వస్తుంటే మనం ఎదురు పరుగు తీస్తున్నాము.

నల్లధనం మాటేమిటంటారా? 2016 నవంబరు 8 రాత్రి చెలామణిలోని నగదు విలువలో 86 శాతాన్ని రద్దు చేశారు. అందులో 99.3 శాతం తిరిగి బ్యాంకులకు చేరిందని 2018లో రిజర్వు బ్యాంకే లెక్క చెప్పింది. నల్లధనమంతా నోట్ల కట్టలలో నక్కి ఉందన్న సిద్ధాంతానికి ఇంతకన్న ఖండన ఏం కావాలి? ఆ వేడిలోనే, 2017 జనవరిలో, మన తెలుగు ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు గారి సారథ్యంలోని ముఖ్యమంత్రుల సంఘం, బ్యాంకులలో 50 వేలు, ఆపైన జరిగే నగదు లావాదేవీల మీద పన్ను వేయాలని సూచించింది. ఆ సూచన ఆ రూపంలో అమలు కాలేదు. ప్రజలు మాత్రం తమ తీర్పు తామిచ్చారు. నాడు 18 లక్షల కోట్లకు కాస్త అటూ ఇటూగా ఉన్న నగదు 2025 మార్చి నాటికి 36 లక్షల కోట్లు దాటింది.

"నోట్లను కూడా ఒక్క రాత్రిలో రద్దు చేయగలిగారు కదా, మరి నగదులో స్వేచ్ఛ ఎక్కడుంది?" అని ఎవరైనా అడగవచ్చు. మంచి ప్రశ్న. నోటును రద్దు చేయాలంటే దేశమంతటికీ ఒకేసారి, బహిరంగంగా చేయాలి. వరుసలు అందరికీ కనబడతాయి, ఏలికలు జవాబు చెప్పుకోవలసి వస్తుంది. ఖాతాను బిగించాలంటే ఒక్క మనిషికి చాలు. పక్కింటివాడికి కూడా తెలియదు. పదిమందితో కలిసి పడే బాధకు గొంతు ఉంటుంది. ఒంటరిగా పడేదానికి అది ఉండదు.

ఇప్పుడు ఇ-రూపాయి. 2022లో చట్టాన్ని సవరించి నోటు నిర్వచనంలో డిజిటల్ రూపాన్ని చేర్చారు. ఆ ఏడాది డిసెంబరు 1న సామాన్యుల వాడుకకు ప్రయోగాత్మకంగా విడుదల చేశారు. ఇది నగదుకు తోడే గాని బదులు కాదని రిజర్వు బ్యాంకు చెబుతున్నది. ఆ మాటను కాదనను. కాని 2024 ఫిబ్రవరిలో అదే బ్యాంకు, నిర్దిష్ట ప్రయోజనానికే ఖర్చయ్యేలా ఈ రూపాయికి ముందుగా షరతులు అమర్చే వీలు కల్పిస్తామని ప్రకటించింది. షరతుల రూపాయి ఎలా ఉంటుందో చైనా చూపించింది. 2020 అక్టోబరులో షెన్‌జెన్ నగరంలో 50,000 మందికి తలా 200 డిజిటల్ యువాన్లు పంచి, గడువులోగా ఖర్చు చేయని సొమ్మును వెనక్కు లాక్కున్నారు. గడువున్నదాన్ని డబ్బనరాదు, కూపను అనాలి.

ఎరువుల సొమ్ము ఎరువులకే పోవాలి కదా అంటారు. వినసొంపుగానే ఉంది. కాని అదును దాటిన తరువాత ఆ సొమ్ము వచ్చి, ఇంట్లో పిల్ల జ్వరంతో పడి ఉంటే, ఏది ముందో తేల్చవలసింది ఆ కౌలురైతా, మీట నొక్కే అధికారియా? నేడు మీట దగ్గర ఉన్నవాడు మంచివాడే అనుకుందాం. వాడి తరువాత వచ్చేవాడెవడో మనలో ఎవరికీ తెలియదు.

చివరకు అందరూ అనే మాట: "తప్పు చేయనివాడికి దాపరికం ఎందుకు?" మన సంస్కృతి ఈ ప్రశ్నకు ఎప్పుడో జవాబు చెప్పింది. తిరుమల కొప్పెరలో వేసే సొమ్ముకు పేరుండదు; గుప్తదానానికే పుణ్యమెక్కువన్నారు పెద్దలు. నేను పనిచేసిన బడిలో పదవ తరగతి పరీక్ష రుసుము కట్టలేని పిల్లలు ఏటా కొందరుండేవారు. ఉపాధ్యాయులం తలా కొంత వేసి గుమాస్తా చేతిలో పెట్టేవాళ్ళం. ఇచ్చిందెవరో పిల్లవాడికి తెలియదు గనుక వాడు మా ఎవరి ముందూ తల దించుకోలేదు. పోపులపెట్టెలో ఇల్లాలు దాచుకున్న నాలుగు నోట్లు కూడా అటువంటివే. తాగుబోతు మగడి కంటబడని ఆ సొమ్మే ఎందరి పిల్లల చదువో! 2016 చలికాలంలో ఆ పెట్టెలన్నీ బయటపడ్డాయి. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా చెప్పారు. పోపులపెట్టె ఆ హక్కులోకి రాదా?

నేను కోరేవి మూడే. ప్రభుత్వ కార్యాలయం, ఆసుపత్రి, బస్సు, రేషను దుకాణం ఏదీ నగదును నిరాకరించరాదని చట్టం రావాలి. ఇ-రూపాయికి గడువు గాని షరతు గాని ధారకుని సమ్మతి లేకుండా పెట్టరాదని చట్టంలోనే రాయాలి. ఖాతాను ఆపవలసి వస్తే వివాదమున్న మొత్తం వరకే, కారణం చెప్పి, తాఖీదు ఇచ్చి ఆపాలి.

అంతవరకు నా జేబులో యంత్రంతో పాటు నాలుగు నోట్లు ఉంటాయి. మీ జేబులలో కూడా ఉండనివ్వండి. వాడనిదాన్ని ఎవరూ అడ్డుచెప్పకుండా తీసేస్తారు. ప్రతివాదం ఉన్నవారు నిర్మొహమాటంగా వ్యాఖ్యలలో రాయండి, చర్చిద్దాం.

స్వస్తి.