రెండున్నర లక్షల ల్యాప్‌టాప్ ఎవరికి అవసరం?

పదహారు అంగుళాల తెరతో కొత్త మ్యాక్‌బుక్ ప్రో 2024 నవంబరు 8న మన దేశంలో అమ్మకానికి వచ్చింది. ఎం4 ప్రో చిప్, 24 జీబీ మెమరీ, 512 జీబీ స్టోరేజీ ఉన్న ప్రారంభ మోడల్ ధర అప్పుడు 2,49,900 రూపాయలు. నెట్ పరీక్షలో నెగ్గి పరిశోధనలో చేరిన విద్యార్థికి 2023 జనవరి 1 నుంచి వర్తిస్తున్న జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ నెలకు 37,000 రూపాయలు. ఇంటి అద్దె భత్యాన్ని పక్కన పెడితే ఈ యంత్రం ఖరీదు ఆ విద్యార్థికి దాదాపు ఏడు నెలల ఫెలోషిప్. వడ్డీ లేకుండా రెండేళ్ల వాయిదాల్లో కొన్నా నెలకు పదివేల నాలుగు వందలు కట్టాలి. ఫెలోషిప్ నెలల తరబడి ఆలస్యమవుతోందని దేశమంతటా పరిశోధక విద్యార్థులు తరచూ మొరపెట్టుకుంటూ ఉంటారు. బ్యాంకు వాయిదా మాత్రం ఒక్క రోజు కూడా ఆగదు.

అయినా ల్యాబుల్లో, హాస్టళ్లలో ఈ ల్యాప్‌టాప్ మీద చర్చ తెగదు. ఇంజినీరింగ్‌లో చేరబోయే పిల్లలున్న ఇళ్లలోనూ అదే మాట. "ఒకసారి మంచిది కొనేస్తే నాలుగేళ్లు చూసుకోనక్కర్లేదు" అన్న వాదన వినడానికి బాగుంటుంది. ఇది మంచి యంత్రమే, అందులో పేచీ లేదు. కొనేవారు వేసుకోవలసిన లెక్క వేరు. ఇప్పుడున్న కంప్యూటరు ముందు కూర్చుని దేనికోసం ఎదురు చూడవలసి వస్తోంది? ఆ నిరీక్షణను ఈ కొత్త యంత్రం ఎంత తగ్గిస్తుంది? అదే పని ఇంతకంటే చవకగా జరిగే దారి ఉందా?

ముందు తెర సంగతి. దుకాణంలో మనసు దోచేది అదే కదా. 16.2 అంగుళాల ఈ తెరలో అడ్డంగా 3,456, నిలువుగా 2,234 చుక్కలు ఉన్నాయి. అంటే అంగుళానికి 254. వెనక నుంచి వెలుగునిచ్చే మినీ ఎల్‌ఈడీలు వేల సంఖ్యలో ఉండటం వల్ల నలుపు నిజంగా నల్లగా, తెలుపు కళ్లు చెదిరేలా కనిపిస్తాయి. అయితే కంటికీ ఒక హద్దు ఉంది. 6/6 చూపు ఉన్న కన్ను ఒక డిగ్రీలో అరవయ్యో వంతు కోణం వరకే వివరాలను విడదీసి చూడగలదు. అర మీటరు దూరం నుంచి ఆ కోణం మిల్లీమీటరులో ఏడో వంతుకు సమానం. అంగుళానికి 175 చుక్కలు ఉంటే ఆ దూరంలో చుక్క విడిగా కనిపించదు. అరవై సెంటీమీటర్ల దూరానికి జరిగితే 145 చాలు. మామూలు 15.6 అంగుళాల ఫుల్ హెచ్‌డీ ల్యాప్‌టాప్‌లో ఉన్నవి 141. అంటే కాస్త వెనక్కి వాలి కూర్చునేవారికి పాత తెర కూడా కంటి హద్దు దగ్గరికి వచ్చేసినట్టే.

తెలుగు చదివేవారికి ఇక్కడ ఒక మినహాయింపు ఇవ్వాలి. ప అక్షరానికీ వ అక్షరానికీ తేడా తలకట్టు దగ్గర ఉన్న చిన్న ఖాళీయే. ఒత్తులు అక్షరం కింద ఇరుకులో ఇమడాలి. ఇంగ్లీషు అక్షరం హాయిగా కనిపించే సైజులో తెలుగు వత్తు అలుక్కుపోవడం రోజూ డీటీపీ చేసేవారికి తెలిసిన బాధే. కాబట్టి చుక్కల సాంద్రత మనకు కొంత ఎక్కువే ఉపయోగపడుతుంది. కానీ దానికి రెండున్నర లక్షలు పెట్టనక్కర్లేదు. 27 అంగుళాల 4కే మానిటర్‌లో అంగుళానికి 163 చుక్కలు ఉంటాయి, అది పాతిక ముప్పై వేలకు దొరుకుతుంది. పైగా దాన్ని కంటి ఎత్తులో పెట్టుకోవచ్చు. ల్యాప్‌టాప్ ఎంత పెద్దదైనా తెర కీబోర్డుకు అతుక్కునే ఉంటుంది, మెడ వంగవలసిందే. నలభై దాటి దగ్గరి చూపు మందగించినవారికి పెద్ద తెర కావాలన్న మాట నిజం. అయితే వారికి కావలసింది పెద్ద అక్షరం. అది మానిటర్ మీద ఇంకా పెద్దదిగా కనిపిస్తుంది.

ఇక చిప్. ప్రారంభ మోడల్‌లో 14 కోర్లు ఉన్నాయి. 2025 మార్చిలో వచ్చిన 15 అంగుళాల మ్యాక్‌బుక్ ఎయిర్‌లో ఎం4 చిప్, 10 కోర్లు. అప్పుడు దాని ధర 1,24,900 రూపాయలు, దాదాపు సగం. రెండింటిలోనూ ఒక్కో వేగవంతమైన కోరు దాదాపు ఒకే సామర్థ్యం గలది. మరి అదనపు నాలుగు కోర్లు ఎంత లాభం? 1967లో జీన్ ఆమ్‌డాల్ చెప్పిన సూత్రం ఇక్కడ అక్కరకొస్తుంది. ఒక పనిలో ఎంత భాగాన్ని ముక్కలుగా పంచవచ్చో, ఎంత భాగం వరుసగానే చేయాలో దాన్నిబట్టి వేగానికి గరిష్ఠ పరిమితి ఉంటుంది. పనిలో 70 శాతాన్ని పంచవచ్చనుకుందాం. కోర్లన్నీ సమానమనుకుంటే పది కోర్లతో వేగం 2.70 రెట్లు, పద్నాలుగుతో 2.86 రెట్లు. తేడా ఆరు శాతం. పంచగలిగే భాగం 95 శాతం అయితే 6.9 రెట్లు, 8.5 రెట్లు. తేడా 23 శాతం. వీడియో ఎడిటింగ్, త్రీడీ చిత్రణ, వేలసార్లు తిప్పే సిమ్యులేషన్లు ఈ రెండో కోవలోకి వస్తాయి. థీసిస్ రాయడం, ఎక్సెల్, బ్రౌజరులో ముప్పై ట్యాబులు మొదటి కోవలోకి కూడా రావు. నిజానికి కోర్లన్నీ సమానం కావు. ప్రోలో వేగవంతమైనవి పది, ఎయిర్‌లో నాలుగే. కాబట్టి బరువైన పనుల్లో తేడా ఈ లెక్క చూపించే దానికంటే ఎక్కువ ఉంటుంది. తేలిక పనుల్లో ఆ తేడా ఎక్కడా కనిపించదు.

అసలు డబ్బు గిట్టుబాటయ్యేది మెమరీ దగ్గర. కోటి వరుసలు, వంద నిలువు గడులు ఉన్న ఒక సర్వే పట్టికను తీసుకుందాం. ఒక్కో అంకెకు 8 బైట్ల చొప్పున అది 8 జీబీ. ఆర్ భాషలోనో పైథాన్‌లోనో దాన్ని మార్చేటప్పుడు నకళ్లు తయారవుతాయి. రెండు నకళ్లు చేరితే 24 జీబీ. మెమరీ చాలనప్పుడు కంప్యూటరు స్టోరేజీని మెమరీగా వాడుకుంటుంది, అక్కడే అయిదు నిమిషాల పని గంటలకు సాగుతుంది. చాలామంది "నా సిస్టం స్లో" అని ప్రాసెసరును తిట్టుకునే సందర్భాల్లో దోషి మెమరీయే. సొంత యంత్రం మీద భాషా నమూనాలను నడిపేవారికీ ఇదే కొలత. 800 కోట్ల పరామితులున్న నమూనా, ఒక్కోటి 16 బిట్లలో అయితే 16 జీబీ, 4 బిట్లకు కుదిస్తే 4 జీబీ. పుట్టే ప్రతి పదఖండానికీ ఆ మొత్తాన్ని ఒకసారి మెమరీలోంచి చదవాలి. ఎం4 ప్రో సెకనుకు 273 జీబీ చదవగలదు, ఎం4 చిప్ 120 జీబీ. కుదించిన నమూనాతో ప్రోలో సెకనుకు గరిష్ఠంగా 68 ఖండాలు, ఎయిర్‌లో 30. ముప్పై కూడా మనిషి చదివే వేగం కంటే ఎక్కువే.

కొసమెరుపు ఏమిటంటే ఈ యంత్రాల్లో మెమరీని తరువాత పెంచుకోవడం కుదరదు. కొన్న రోజు నిర్ణయమే చివరి నిర్ణయం. పాతకాలపు ల్యాప్‌టాప్‌లో మూడు వేలు పెట్టి ర్యామ్ మార్చుకున్న అలవాటుతో వెళ్లేవారు ఇది గుర్తుంచుకోవాలి. ఇప్పటికీ చాలా విండోస్ ల్యాప్‌టాప్‌లలో ఆ సౌకర్యం ఉంది. మరమ్మతు హక్కు మీద కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో కమిటీ వేసింది, పోర్టల్ కూడా తెరిచింది. అయితే బోర్డుకు అతికించి వచ్చిన మెమరీని ఏ పోర్టలూ ఊడదీయలేదు.

ఎండ సంగతి సమీక్షల్లో పెద్దగా కనిపించదు. ఈ ల్యాప్‌టాప్‌ను వాడదగిన పరిసర ఉష్ణోగ్రత 10 నుంచి 35 డిగ్రీలని తయారీదారే ప్రకటించారు. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో ఏసీ లేని గదిలో 35 డిగ్రీలు తెల్లవారుజామున దక్కితే గొప్ప. చిప్ వంద డిగ్రీల దాకా తట్టుకుంటుందనుకుంటే, గది 25 డిగ్రీలున్నప్పుడు వేడి బయటికి పోవడానికి 75 డిగ్రీల వాలు ఉంటుంది. గది 40 డిగ్రీలయితే ఆ వాలు 60కి పడిపోతుంది. బయటికి పంపగల వేడి అయిదో వంతు తగ్గుతుంది, ఆ మేరకు చిప్ తనను తాను నెమ్మదించుకోవాలి. ఈ విషయంలో మాత్రం పెద్ద యంత్రానిదే పైచేయి. ప్రోలో రెండు ఫ్యాన్లున్నాయి, ఎయిర్‌లో ఒక్కటీ లేదు. గంటల తరబడి లెక్కలు నడిపేవారికి ప్రో నిలకడగా పనిచేస్తుంది, ఎయిర్ మొదట్లో పరుగెత్తి తరువాత ఆయాసపడుతుంది. బ్యాటరీలకు మాత్రం వేడి ఎవరిదైనా శత్రువే. అన్నట్టు ఈ బ్యాటరీ సరిగ్గా 100 వాట్-అవర్ల దగ్గర ఆగడానికి కారణం విమానాలు. అంతకు మించిన లిథియం బ్యాటరీని వెంట తీసుకెళ్లాలంటే విమానయాన సంస్థ అనుమతి కావాలి.

బరువు 2.14 కిలోలు. సిటీ బస్సులో నిలబడి వెళ్లేవారికి ఆ అంకెను వివరించనక్కర్లేదు.

ఇంజినీరింగ్ విద్యార్థి తల్లిదండ్రులు ధర కంటే ముందు అడగవలసింది సాఫ్ట్‌వేర్ గురించి. మెకానికల్ విద్యార్థులు వాడే సాలిడ్‌వర్క్స్, కాటియా విండోస్ మీదే నడుస్తాయి. డీప్ లెర్నింగ్‌లో విరివిగా వాడే కూడా వేదికకు ఎన్‌విడియా చిప్ ఉండాలి, కొత్త మ్యాక్‌లలో అది లేదు. రెండున్నర లక్షలు పోసి కొన్నాక కాలేజీ ల్యాబులోని పాత డెస్క్‌టాప్ దగ్గరే వరుసలో నిలబడటం కంటే చేదు అనుభవం ఉండదు. బీటెక్ మొదటి రెండేళ్లలో సీ, పైథాన్ నేర్చుకోవడానికి యాభై అరవై వేల ల్యాప్‌టాప్ నిక్షేపంలా సరిపోతుంది.

పరిశోధకుల విషయంలో ఇంకో సంగతి ఆలోచించాలి. నిజంగా భారీ గణన అవసరమైన పనికి ఈ ల్యాప్‌టాప్ కూడా చిన్నదే. 7,000 కోట్ల పరామితుల నమూనా 4 బిట్లకు కుదించినా 35 జీబీ, ప్రారంభ మోడల్‌లో పట్టనే పట్టదు. జాతీయ సూపర్‌కంప్యూటింగ్ మిషన్ కింద ఐఐటీ హైదరాబాద్‌లో 838 టెరాఫ్లాప్స్ పరమ్ సేవ ఉంది, బెంగళూరు ఐఐఎస్‌సీలో 3.3 పెటాఫ్లాప్స్ పరమ్ ప్రవేగ ఉంది. 2024 మార్చిలో కేంద్రం ఆమోదించిన ఇండియా ఏఐ మిషన్ కింద జీపీయూ గంట సబ్సిడీ పోగా వంద రూపాయల లోపే దొరుకుతుందని 2025 జనవరిలో కేంద్ర మంత్రి అశ్వినీ వైష్ణవ్ చెప్పారు. ఆ వంద చొప్పున లెక్కేసినా ఒక ల్యాప్‌టాప్ ధరకు 2,500 గంటలు వస్తాయి. పీహెచ్‌డీ కాలంలో అన్ని గంటలు జీపీయూను నడిపే విద్యార్థులు చాలా తక్కువ.

అయితే ఈ లెక్క కాగితం మీద ఎంత ముచ్చటగా ఉన్నా రాష్ట్ర విశ్వవిద్యాలయంలో చదివే విద్యార్థికి అంత సులువుగా అందదు. ఖాతా తెరిపించాలి, గైడు సంతకం కావాలి, లైనక్స్ ఆదేశాలు నేర్పేవారు కావాలి, హాస్టల్‌లో నెట్ నిలవాలి. ఇవేవీ కుదరక విసిగి వాయిదాల మీద ల్యాప్‌టాప్ కొన్న విద్యార్థిని ఆడంబరమని తప్పుపట్టడం అన్యాయం. విభాగం సమకూర్చవలసిన పరికరాన్ని ఆ విద్యార్థి తన తిండి ఖర్చులోంచి కొంటున్నారు. మైక్రోస్కోపును సొంత డబ్బుతో కొనుక్కోమని ఏ జీవశాస్త్ర విభాగమూ అనదు. గణన మీద బతికే పరిశోధనలకు కంప్యూటరును మాత్రం వ్యక్తిగత వస్తువుగా చూడటం మన విద్యాసంస్థల్లో పాతుకుపోయిన అలవాటు. ఆరుగురు విద్యార్థులు తలా రెండున్నర లక్షలు పెట్టడం కంటే ఆ పదిహేను లక్షలతో విభాగంలో ఒక మంచి సర్వరు, తలా ఒక మామూలు ల్యాప్‌టాప్ వస్తాయి.

ఈ యంత్రం ధరకు తగినదయ్యేవారు లేకపోలేదు. రోజూ గంటల కొద్దీ 4కే వీడియో కత్తిరించేవారు, రంగుల కచ్చితత్వం మీద జీవనం సాగించేవారు, క్షేత్రంలో నెట్ లేని చోట పెద్ద డేటాను అక్కడికక్కడే పరిశీలించవలసినవారు, రోగుల వివరాల వంటివి బయటి సర్వర్లకు పంపకూడని పరిశోధకులు ఆ కోవకు చెందుతారు. వీరికి ప్రతి నిమిషం నిరీక్షణకూ ఒక ధర ఉంది. జీఎస్‌టీ నమోదు ఉన్న వృత్తిదారుకైతే ధరలో కలిసి ఉన్న 18 శాతం పన్ను, అంటే 38,120 రూపాయలు, ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగొస్తుంది. విద్యార్థికి ఆ వెసులుబాటు లేదు. అంటే ఒకే వస్తువును సంపాదన ఉన్నవారి కంటే ఫెలోషిప్ మీద బతికేవారు ఎక్కువ పెట్టి కొంటున్నట్టు.

తానెక్కడ ఉన్నదీ తేల్చుకోవడానికి ఒక వారం చాలు. మ్యాక్‌లో యాక్టివిటీ మానిటర్, విండోస్‌లో టాస్క్ మేనేజర్ అందరి దగ్గరా ఉన్నవే. పని ఆగి ఎదురు చూడవలసి వచ్చిన ప్రతిసారీ దాన్ని తెరిచి ప్రాసెసరు ఎంత శాతంలో ఉందో, మెమరీ నిండిందో లేదో, ఎన్ని నిమిషాలు పోయాయో ఒక కాగితం మీద రాసుకోవాలి. చాలామంది కాగితం మీద తేలేది వారానికి పది పదిహేను నిమిషాలు, అదీ నెట్ నెమ్మదించడం వల్ల. అదే కాగితం మీద మెమరీ నిండి గంటలు పోయినట్టు తేలితే, దాన్ని గైడుకు చూపించి వచ్చే ప్రాజెక్టు ప్రతిపాదనలో ఒక సర్వరు చేర్చమని అడగడానికి పైసా ఖర్చు లేదు. కాదంటే అప్పుడు షోరూము ఎలాగూ ఉంటుంది.