పండు రోగికి మాత్రమేనా? ఇంట్లో చేసే ఫ్రూట్ ట్రైఫిల్ గురించి ఒక మాట

మన కర్నూలు, కడప ప్రాంతాలలో పండు ఎక్కువగా రోగికే దొరుకుతుంది. ఆసుపత్రిలో ఉన్నవారిని చూడడానికి వచ్చే బంధువులు ఒట్టి చేతులతో రారు. నాలుగు చీనీకాయలో, డజను అరటిపండ్లో, చేతిలో నాలుగు డబ్బులున్నవారైతే ఆపిల్ పండ్లో సంచిలో వేసుకొని వస్తారు. సాయంత్రానికి మంచం పక్కనున్న లాకరు నిండిపోతుంది. ఇది మంచి అలవాటే, కాదనము. అయితే అలా తెచ్చినవారినే, "మీ ఇంట్లో పిల్లలు ఈ వారంలో ఏ పండు తిన్నారమ్మా?" అని మేము అడిగితే చాలామంది నవ్వి ఊరుకుంటారు. బిస్కెట్లు, చిప్సు, టీలో ముంచుకునే బన్ను రోజూ ఉంటాయి. పండు మాత్రం జబ్బు చేసినప్పుడే.

పండ్లు పండని సీమ అయితే సరే అనుకోవచ్చు. పులివెందుల వైపు చీనీ తోటలు, అరటి తోటలు ఉన్నాయి. రైల్వే కోడూరు వైపు మామిడి, బొప్పాయి, అరటి పండుతాయి. బనగానపల్లె మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. నల్లమల అంచు ఊళ్లలో వానలు వెనుకబడేసరికి సీతాఫలాలు గంపల్లో వస్తాయి. వాన తక్కువైన ఈ నేలలో బోరు నీటితో, డ్రిప్పు పైపులతో రైతు కష్టపడి పండించిన పండు లారీలెక్కి దూరదేశాలకు పోతున్నది. ఆ తోటలో కూలికి పోయిన తల్లి మాత్రం సాయంత్రం పిల్లల కోసం బిస్కెట్ ప్యాకెట్ కొనుక్కొని ఇంటికి వస్తుంది. ఆమెను మేము తప్పు పట్టడం లేదు. బిస్కెట్ పాడు కాదు, కొయ్యనక్కరలేదు, ప్రతి అంగడిలోనూ దొరుకుతుంది, పిల్లలు మారాం చేయకుండా తింటారు. పండు ఆ పోటీలో ఓడిపోతున్నది.

"పండ్లు తినండి" అని చెప్పడం మా నర్సులకు అలవాటే. కాని మందులాగా చెప్పిన దానిని జనం మందులాగానే చూస్తారు, అంటే జబ్బు తగ్గగానే మానేస్తారు. పండుగ వంటలో, పిల్లల పుట్టినరోజులో కలిసినదే ఇంట్లో నిలబడుతుంది. అందుకే ఈసారి మందుల గురించి, ఇంజెక్షన్ల గురించి కాక ఫ్రూట్ ట్రైఫిల్ గురించి వ్రాస్తున్నాము. కేకు, పండ్లు, కస్టర్డ్ పొరలు పొరలుగా గాజు గిన్నెలో వేసి చల్లగా తినే తీపి పదార్థం ఇది. మా అభిప్రాయం ఒక్కటే: ఇందులో పండే పెద్ద పొరగా ఉండాలి. మిగతావన్నీ దానికి తోడు మాత్రమే.

ఇది ఎక్కడిది?

ట్రైఫిల్ ఇంగ్లండు వంట. ఆ మాటకు అక్కడ "చిన్నపాటి విషయం" అని అర్థం. 1585లో థామస్ డాసన్ అనే ఆయన అచ్చు వేయించిన వంటల పుస్తకంలో ఈ పేరుతో ఉన్నది పంచదార, అల్లం, పన్నీరు వేసి వెచ్చచేసిన మీగడ మాత్రమే. కేకు, కస్టర్డ్, పండ్ల పొరలు తరువాతి కాలంలో చేరాయి. 1837లో బర్మింగ్‌హామ్‌లో మందుల వ్యాపారి ఆల్ఫ్రెడ్ బర్డ్, తన భార్యకు కోడిగుడ్డు పడదని, గుడ్డు లేకుండా మొక్కజొన్న పిండితో కస్టర్డ్ పొడి తయారు చేశాడు. ఈరోజు మన అంగళ్లలో దొరికే పొడి ఆ తరహాదే. కొందరు తల్లులు కస్టర్డ్ పొడిని బలానికని పిల్లలకు పెడుతున్నారు. అది మొక్కజొన్న పిండి, రంగు, వాసన, అంతే. బలం ఏదైనా ఉంటే అది మీరు పోసే పాలది.

కొలతలు ఎందుకు ముఖ్యం?

చాలా ఇళ్లలో, విందులలో చేసే ట్రైఫిల్‌లో సగం కేకు, దాని మీద రంగు జెల్లీ, దాని మీద క్రీము ఉంటాయి. పైన అందానికి నాలుగు పండు ముక్కలు పెడతారు. దానిని పండ్ల వంట అనడం న్యాయం కాదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల ప్రకారం పెద్దవారికి రోజుకు సుమారు 100 గ్రాముల పండ్లు కావాలి. పంచదార విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పినదేమంటే, రోజుకు 2000 కేలరీలు తినేవారు పైనుండి కలుపుకునే చక్కెరను 50 గ్రాములకు మించనీయకూడదు, 25 గ్రాముల లోపు ఉంచుకుంటే ఇంకా మేలు. మన ఇళ్లలో మూడు పూటల టీకే ఇందులో చాలా భాగం అయిపోతుంది.

కాబట్టి 8 మందికి సరిపోయే కొలత ఇలా పెట్టుకోవాలని మా సలహా. తొక్క, గింజ తీసిన పండు ముక్కలు 800 గ్రాములు, అంటే మనిషికి 100 గ్రాములు. పాలు అర లీటరు. కస్టర్డ్ పొడి 3 పెద్ద చెంచాలు, తలకొట్టి. పంచదార 2 పెద్ద చెంచాలు, అంటే సుమారు 25 గ్రాములు, మనిషికి 3 గ్రాములకు కాస్త ఎక్కువ. క్రీము పూయని సాదా కేకు 8 పలుచని ముక్కలు, లేకపోతే 16 మారీ బిస్కెట్లు. ఒక చీనీకాయ రసం. పైన చల్లడానికి వేయించి, పొట్టు తీసి, కచ్చాపచ్చాగా దంచిన శెనక్కాయ విత్తనాలు 2 చెంచాలు. జెల్లీ అవసరం లేదు. ప్యాకెట్ జెల్లీ పొడిలో ఎక్కువ భాగం చక్కెరే.

చేసే విధానం

అర లీటరు పాలలో పావు గ్లాసు చల్లని పాలు పక్కన తీసి, అందులో కస్టర్డ్ పొడిని ఉండలు లేకుండా కలపండి. మిగతా పాలు పంచదారతో కాచి, పొంగు వచ్చినప్పుడు మంట తగ్గించి, కలిపిన పొడిని సన్నగా పోస్తూ తిప్పండి. రెండు మూడు నిమిషాలలో చెంచాకు అంటుకునేటట్లు చిక్కబడుతుంది. వెంటనే దించి, వెడల్పు బేసినులో చల్లని నీళ్లు పోసి ఆ గిన్నెను అందులో పెట్టి, తొరక కట్టకుండా తిప్పుతూ పూర్తిగా చల్లార్చండి. అప్పుడే పండు కలపాలి.

మన పండ్లతో చేసేటప్పుడు కొన్ని సంగతులు తెలుసుకోవాలి. పచ్చి బొప్పాయిలో ఎక్కువగా, పండిన దానిలో కొద్దిగా, అనాసలోనూ మాంసకృత్తులను కరిగించే గుణం ఉన్న పదార్థాలు ఉన్నాయి. అందుకే అవి పాలలో నాని ఉంటే చేదెక్కుతాయి. బొప్పాయి వేసుకునేవారు తినే ముందు పైన వేసుకోవాలి. అనాసనైతే కాసేపు ఉడికించి చల్లార్చి వేస్తే ఆ ఇబ్బంది ఉండదు. చీనీ తొనల పులుపుకు వేడి పాలు విరిగిపోతాయి. తొనల మీది పొర, గింజలు తీసి, రసం వార్చి, చల్లారిన కస్టర్డ్‌తోనే వేయాలి. అరటిపండు కోసిన కాసేపటికే నల్లబడుతుంది, కాబట్టి ముక్కలకు కొంచెం చీనీ రసమో నిమ్మరసమో పట్టించాలి. జామ, దానిమ్మ, సపోటా, కర్బూజ ఏ చిక్కూ లేనివి. జామపండులో ఆపిల్ కంటే ఎన్నో రెట్లు విటమిన్ సి ఉన్నదని తెలిసి కూడా మనం ఆపిల్‌నే గొప్పగా చూస్తాము.

గాజు గిన్నెలో అడుగున కేకు ముక్కలు పరచి చీనీ రసం చిలకరించండి. ఇంగ్లండులో ఇక్కడ ద్రాక్షసారా పోస్తారు, మనకు ఆ అవసరం లేదు. దాని మీద పండ్లు మందంగా, దాని మీద కస్టర్డ్ పలుచగా. మళ్లీ పండ్లు, మళ్లీ కస్టర్డ్. శెనక్కాయ పలుకులు వడ్డించే ముందు చల్లండి. ఐదేళ్ల లోపు పిల్లల గిన్నెలో మాత్రం పలుకులు వేయవద్దు, గొంతులో అడ్డుపడవచ్చు.

మన ఎండను మరచిపోవద్దు

మాకు అన్నిటికంటే భయం ఇక్కడే. పాలు, పిండి, తీపి కలిసిన పదార్థం క్రిములకు మంచి మేత. ప్రపంచ ఆరోగ్య సంస్థ వండిన పదార్థాన్ని బయట 2 గంటలకు మించి ఉంచవద్దంటుంది. మే నెలలో 40 డిగ్రీలు దాటే కర్నూలు, నంద్యాల, కడపలలో ఆ 2 గంటలను 1 గంటగా లెక్కపెట్టుకోవాలి. ఫ్రిజ్‌లో పెట్టినా మరుసటి రోజు దాటనివ్వకూడదు. మధ్యలో గంటల తరబడి కరెంటు పోతే రుచి చూసి తేల్చుకోవద్దు, పారవేయండి. చెడినదంతా పుల్లగా ఉండదు.

గోరుచుట్టు, సెగగడ్డ, చీము పట్టిన గాయం చేతికి ఉన్నవారు ఆ రోజు వంటకు దూరంగా ఉండాలి. ఆ చీములోని క్రిమి పాల పదార్థంలో చేరితే విషం తయారు చేస్తుంది. మళ్లీ కాచినా ఆ విషం పోదు. తిన్న కొన్ని గంటలలోనే విందుకు వచ్చినవారంతా వాంతులతో ఆసుపత్రికి రావలసి వస్తుంది. సబ్బుతో చేతులు కడగడం, పండ్లను కోయకముందే కడగడం, మాంసం కోసిన కత్తిపీటను పండ్లకు వాడకపోవడం — ఇవి వార్డులో మేము పాటించే నియమాలే, వంటింటికీ అవే. ఎవరికైనా వాంతులు, విరేచనాలు పట్టుకుంటే వెంటనే ఓ.ఆర్.ఎస్. మొదలుపెట్టండి. పసిపిల్లలు, ముసలివారు, మూత్రం తగ్గినవారు, మగతగా ఉన్నవారు అయితే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకురండి.

ఫ్రిజ్ లేనివారు ఎలా చేయాలని అడగవచ్చు. అప్పటికప్పుడు చేసుకొని, చల్లార్చి, గంటలోపల అందరూ కలిసి తినివేయాలి, మిగల్చకూడదు. కస్టర్డ్ కూడా కుదరకపోతే తాజా గట్టి పెరుగు, పండు ముక్కలు, మారీ బిస్కెట్లు పొరలుగా వేసుకున్నా తప్పు లేదు. ఇది డబ్బున్నవారి వంట అనేవారికి మా జవాబు ఏమిటంటే, ఒక కిలో క్రీము కేకుకు బేకరీలో పెట్టే డబ్బుతో మన ఊరి జామ, అరటి, చీనీ కొని ఇంటిల్లిపాదీ తినవచ్చు.

ఇంట్లో వద్దనిపించుకునేవారు

పండుగ రోజున ఇద్దరిని మనం పక్కన కూర్చోబెడుతున్నాము. ఒకరు షుగర్ ఉన్న అబ్బో జేజో. "నీకు వద్దులే" అని అందరి ముందూ అంటే వారు ఊరుకుంటారు గాని, రాత్రి ఎవరూ చూడనప్పుడు మిగిలిన గిన్నె ఖాళీ చేస్తారు. మరి కొన్ని ఇళ్లలో "ఒక్క రోజుకేం కాదు" అని అన్నీ పెడతారు. రెండూ మంచివి కావు. కస్టర్డ్‌లో పంచదార వేయకముందే వారి వంతు తీసి పక్కన ఉంచండి. కేకు లేకుండా జామ, బొప్పాయి, కొన్ని చీనీ తొనలతో ఒక చిన్న కప్పు వేసి, అందరితో పాటు ఇవ్వండి. బిర్యానీ తిన్న పైన కాకుండా, ఆ పూట అన్నమో సంగటో కొంత తగ్గించి తినాలి. మాత్రలు, ఇన్సులిన్ సొంతంగా పెంచడం, మానడం చేయవద్దు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం అరటి, చీనీ, శెనక్కాయలు ఎంతవరకు తినవచ్చో డాక్టరుగారిని అడిగి తినాలి.

రెండవవారు బాలింత. తల్లి చీనీకాయ తింటే బిడ్డకు జలుబు చేస్తుందని, అరటి చలువ అని, నెలల తరబడి ఆమెకు పండు ముట్టనివ్వని ఇళ్లు ఇంకా ఉన్నాయి. తల్లి తిన్న పండు వల్ల బిడ్డకు జలుబు రాదు. జలుబు దగ్గే వారి నుండి, కడగని చేతుల నుండి వస్తుంది. పాలిచ్చే తల్లికి మామూలు కంటే ఎక్కువ ఆహారం కావలసిన సమయంలో ఆమె కంచంలో కారం, అన్నం తప్ప ఏమీ లేకుండా చేయడం అన్యాయం. అత్తగార్లు, అమ్మలు ఈ మాట ఆలోచించాలని మా మనవి.

స్త్రీల సమాజంవారు, సండే స్కూలు టీచర్లు ఈసారి పిల్లల కార్యక్రమానికి క్రీము కేకు బదులు ఇది చేసి చూడండి. పిల్లల చేతులు కడిగించి, పొరలు వారినే వేయనివ్వండి. తాము వేసిన పండును తాము వద్దనే పిల్లలు తక్కువ. ఆ మరుసటి రోజు కేకూ కస్టర్డూ లేకపోయినా ఒక జామపండో, రెండు అరటిపండ్లో ఇంట్లో ఉండేటట్లు చూసుకోండి. ట్రైఫిల్ ఏడాదికి నాలుగుసార్లు చేసుకుంటే చాలు, పండు మాత్రం ప్రతిరోజూ కావాలి.